ఇటలీలో అద్దె కారుకు పడిన ఓవర్‌స్పీడ్ చలానా ఎనిమిది నెలల తర్వాత వచ్చింది, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న (అడిగినవారు: దూరపుబాట)

అందరికీ నమస్కారం. 2024 అక్టోబరులో మా కుటుంబమంతా కలిసి ఇటలీ వెళ్ళాము. ఫ్లోరెన్సులో కారు అద్దెకు తీసుకుని టస్కనీ పల్లెలన్నీ తిరిగాము. ఒప్పందం నా పేరు మీద ఉంది. మా తమ్ముడి పేరును అదనపు డ్రైవరుగా రాయించాము. తిరిగి వచ్చిన మూడు నెలలకు, అంటే జనవరిలో, అద్దె సంస్థవారు నా క్రెడిట్ కార్డు నుంచి 45 యూరోలు తీసుకున్నారు. "ట్రాఫిక్ ఉల్లంఘన" అన్న ఒక్క ముక్క తప్ప అందులో మరే వివరమూ లేదు. చిన్న జరిమానా ఏదో పడిందనీ, దాన్ని వాళ్ళే కట్టేశారనీ అనుకుని నేను ఆ సంగతి మరచిపోయాను.

ఈ సోమవారం ఒక చిన్న పట్టణపు మునిసిపల్ పోలీసుల నుంచి రిజిస్టర్డ్ పోస్టులో నాలుగు పేజీల నోటీసు వచ్చింది. అక్టోబరు 14న రాత్రి 22:41కి, 50 కిలోమీటర్ల పరిమితి ఉన్న చోట మా కారు 68తో వెళ్ళిందని అందులో రాశారు. ఆ పక్కనే 63 అన్న అంకె కూడా ఉంది. జరిమానా 230.67 యూరోలు, పోస్టు ఖర్చులు అదనం. దానికి పైన ఒక తక్కువ మొత్తం, కింద దాదాపు రెట్టింపు మొత్తం వేశారు. చివరి పేజీ ఒక ఫారం. కారు నడిపినవారి పేరు, లైసెన్సు నంబరు అడుగుతున్నారు.

నాకున్న సందేహాలు ఇవి. జనవరిలో కట్టినది ఈ జరిమానాయేనా? ఎనిమిది నెలల తర్వాత పంపిన నోటీసు చెల్లుతుందా? ఆ రోడ్డు మీద 50 అన్న బోర్డు మాకెక్కడా కనిపించలేదు, ఆ మాట చెప్పి కొట్టివేయించుకోవచ్చా? ఆ రాత్రి కారు నడిపింది మా తమ్ముడు, మరి ఫారంలో ఎవరి పేరు రాయాలి? అన్నిటికంటే ముఖ్యంగా, దీన్ని పట్టించుకోకుండా వదిలేస్తే ఏమవుతుంది? కట్టవలసినదైతే కట్టడానికి నాకు అభ్యంతరం లేదు. తెలియక రెండుసార్లు కట్టడమో, గడువు దాటించుకోవడమో జరగకూడదన్నదే నా ఆందోళన.

జవాబు (మైలురాయి)

దూరపుబాట గారూ, ముందుగా ఒక మాట. మీకు నోటీసు సోమవారం అందిందంటున్నారు కనుక ఈ వారం చాలా విలువైనది. ఇటలీలో ఇలాంటి జరిమానాను నోటీసు అందిన 5 రోజుల్లోగా కడితే 30 శాతం తగ్గిస్తారు. మీరు చెప్పిన పై మొత్తం అదే. పోస్టు ఖర్చులు కాకుండా అది 161.47 యూరోలు అయి ఉండాలి, ఒకసారి సరిచూసుకోండి. ఆ ఐదు రోజులు దాటితే 60 రోజుల వరకు 230.67 కట్టాలి. ఆ గడువు కూడా దాటితే కింద ఉన్న రెట్టింపు మొత్తం వర్తిస్తుంది. కాబట్టి మిగిలిన సందేహాలు తీరేదాకా ఆగి తర్వాత చూద్దామనుకోకండి.

జనవరిలో కార్డు నుంచి పోయినది జరిమానా కాదు. అద్దె కారుకు కెమెరాలో చలానా పడితే పోలీసులు ముందుగా కారు యజమానిని, అంటే అద్దె సంస్థను అడుగుతారు. ఆ సమయానికి కారు ఎవరి చేతిలో ఉందో చూసి మీ పేరు, చిరునామా పోలీసులకు పంపినందుకు ఆ సంస్థ తీసుకున్న రుసుము ఆ 45 యూరోలు. అద్దె ఒప్పందంలో చిన్న అక్షరాల్లో ఈ షరతు ఉంటుంది. ఎంతోమంది సరిగ్గా మీలాగే అది జరిమానా అనుకుని, అసలు నోటీసు వచ్చినప్పుడు మళ్ళీ ఎందుకు అడుగుతున్నారని పక్కన పడేస్తారు. కార్డు నుంచి ఆ రుసుము పోయిందంటే అసలు నోటీసు దారిలో ఉందని అర్థం చేసుకోవాలి.

ఇక గడువు సంగతి. ఇటలీలో నివసించేవారికి 90 రోజుల్లోగా నోటీసు పంపాలి. విదేశాల్లో ఉండేవారి విషయంలో ఆ గడువు 360 రోజులు. పైగా అద్దె కారు అయినప్పుడు దాన్ని అద్దెకు తీసుకున్న మనిషి వివరాలు పోలీసులకు తెలిసిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది, ఉత్తరం మీకు అందిన రోజును కాక వాళ్ళు పోస్టులో వేసిన రోజును చూస్తారు. మీ నోటీసు అక్టోబరు నుంచి లెక్కించినా గడువు లోపలే ఉంది. ఆలస్యమైందన్న వాదన ఇక్కడ నిలవదు.

అంకెల గురించి కూడా చెబుతాను, ఎందుకంటే అవి అర్థమైతే నోటీసు మీద సగం అనుమానం తీరిపోతుంది. కెమెరా చూపిన వేగం నుంచి 5 శాతం తీసివేయాలని, అది 5 కిలోమీటర్లకు తగ్గకూడదని అక్కడి నియమం. 68లో 5 తీసేస్తే 63. పరిమితి 50 కనుక మీ తమ్ముడు 13 కిలోమీటర్లు ఎక్కువ వెళ్ళినట్టు. పది కిలోమీటర్ల వరకు మించితే జరిమానా 42 యూరోలతో మొదలవుతుంది. పది దాటి నలభై వరకు అయితే 173తో మొదలవుతుంది. రాత్రి 22 గంటల నుంచి ఉదయం 7 గంటల మధ్య జరిగితే దానికి మూడో వంతు కలుపుతారు. 173కు 57.67 కలిపితే మీ 230.67 వచ్చింది. కెమెరాలో 65 పడి ఉంటే మినహాయింపు పోను 60 అయ్యేది, అది కింది తరగతిలోకి వచ్చేది. మూడు కిలోమీటర్ల తేడా ఇంత భారమైంది.

బోర్డు గురించి: ఇటలీలో ఊరు మొదలయ్యే చోట తెల్లటి పలక మీద నల్ల అక్షరాలతో ఊరి పేరు ఉంటుంది. ఆ పలక దాటిన క్షణం నుంచి, వేరే అంకె రాసి లేకపోతే, 50 పరిమితి దానంతటదే వర్తిస్తుంది. అదే పేరు మీద అడ్డంగా ఎర్ర గీత ఉన్న పలక వచ్చేదాకా ఊరు దాటినట్టు కాదు. రోడ్డు నేరుగా, ఖాళీగా ఉంటుంది, ఇళ్ళు అక్కడొకటి ఇక్కడొకటి విసిరేసినట్టు ఉంటాయి, చీకట్లో ఆ పేరు మన కళ్ళకు దారి చూపే బోర్డులాగే కనిపిస్తుంది. అందుకే విదేశీయులు ఎక్కువగా ఇక్కడే దొరికిపోతారు. 50 అన్న అంకె కనిపించలేదన్నది మీవైపు నిజమే కావచ్చు, కానీ దాన్ని కారణంగా అంగీకరించరు.

జవాబు (నిదానం)

మైలురాయి గారు చెప్పినదాంతో నేను ఏకీభవిస్తున్నాను. ఫారం గురించి, అప్పీలు గురించి మాత్రం కొంత చేర్చాలి.

జరిమానా కట్టడం వేరు, నడిపినవారి వివరాలు ఇవ్వడం వేరు. అద్దెకు తీసుకున్నవారిగా డబ్బు బాధ్యత మీ మీద ఉంటుంది. ఫారం అడిగేది మాత్రం లైసెన్సు మీద పాయింట్లు (తప్పు చేసినప్పుడు కోత పడే మార్కుల వంటివి) తగ్గించడం కోసం. పది నుంచి నలభై వరకు మించినప్పుడు 3 పాయింట్లు పోతాయి. విదేశీ లైసెన్సు ఉన్నవారి పాయింట్లను కూడా అక్కడ విడిగా నమోదు చేస్తారు. ఆ రాత్రి నడిపింది మీ తమ్ముడైతే ఆయన పేరే రాయండి, ఆయన లైసెన్సు నకలు జతచేసి, ఆయన సంతకంతో 60 రోజుల్లోగా పంపండి. డబ్బు కట్టేశాము కదా అని ఫారం వదిలేస్తే, వివరాలు ఇవ్వనందుకు వేరే జరిమానా వస్తుంది, అది మొదటిదానికంటే పెద్దది. చాలామందికి రెండో నోటీసు వచ్చేది ఇందువల్లే. నడపని మనిషి పేరు రాయడం అబద్ధపు ప్రకటన అవుతుంది కనుక ఆ ఆలోచనే వద్దు.

అప్పీలుకు రెండు దారులున్నాయి. ఒకటి ప్రిఫెక్టుకు, అంటే ఆ ప్రాంతంలోని ప్రభుత్వ ప్రతినిధి అయిన అధికారికి రాసుకోవడం, దానికి 60 రోజుల గడువు ఉంటుంది, రుసుము లేదు. అయితే అక్కడ ఓడిపోతే కనీస జరిమానాకు రెట్టింపుకు తగ్గకుండా వేస్తారు. రెండోది తప్పు జరిగిన ప్రాంతంలోని శాంతి న్యాయమూర్తి (చిన్న కేసులు చూసే స్థానిక న్యాయమూర్తి) దగ్గరకు వెళ్ళడం. స్థానికులకు 30 రోజులు, విదేశాల్లో ఉండేవారికి 60 రోజులు గడువు. ఈ స్థాయి మొత్తానికి కోర్టు రుసుము 43 యూరోలు. ఒక్కసారి జరిమానా కడితే రెండు దారులూ మూసుకుపోతాయి, కాబట్టి కట్టే ముందే తేల్చుకోవాలి.

పోరాడదగిన కారణాలు అసలు లేవని నేననను. వేగం కొలిచే యంత్రాలను క్రమం తప్పకుండా పరీక్షించి సరిచేయాలని ఇటలీ రాజ్యాంగ న్యాయస్థానం 2015లో తీర్పు ఇచ్చింది. యంత్రానికి సాధారణ అనుమతి ఉంటే చాలదు, పూర్తి స్థాయి సాంకేతిక ధ్రువీకరణ ఉండాలని 2024 ఏప్రిల్లో అక్కడి అత్యున్నత అప్పీలు కోర్టు ఒక కేసులో చెప్పింది. ఆ తర్వాత స్థానికులు చాలామంది ఈ కారణంతోనే అప్పీలు చేశారు. మీ నోటీసులో యంత్రం పేరు, అనుమతి, చివరిసారి పరీక్షించిన తేదీ రాసి ఉంటాయి, చదవండి. కానీ ఇటాలియన్ భాషలో పత్రాలు రాయించడం, అవసరమైతే అక్కడి న్యాయవాదిని పెట్టుకోవడం లెక్కవేసుకుంటే 161 యూరోలు కట్టి ముగించడమే మీకు మేలని నా అభిప్రాయం. మీ తమ్ముడు అంత వేగంతో వెళ్ళలేదని మీరు కూడా అననప్పుడు, యంత్రపు కాగితాల మీద వాదించి మీరు సాధించేది పెద్దగా ఉండదు.

జవాబు (నాలుగుదారులు)

వదిలేస్తే ఏమవుతుందని అడిగారు కనుక నా అనుభవం రాస్తున్నాను. నాది ఇటలీ కాదు, స్విట్జర్లాండ్. ఊరి లోపల 3 కిలోమీటర్లు ఎక్కువ వెళ్ళినందుకు 40 ఫ్రాంకుల చలానా ఇంటికి వచ్చింది. అంత చిన్న మొత్తం కోసం వేరే దేశం నుంచి ఎవరు వెంటబడతారని నేను దాన్ని సొరుగులో పడేశాను. అక్కడ అలాంటి చిన్న జరిమానా కట్టడానికి 30 రోజులు ఇస్తారు. ఆ రోజులు గడిచాక అది చిన్న చలానాగా మిగలదు, మామూలు క్రిమినల్ ప్రక్రియలోకి మారి, కార్యాలయ ఖర్చులు కలిసి ఉత్తర్వుగా వస్తుంది. నాకు వచ్చిన రెండో ఉత్తరంలో మొదటి మొత్తానికి ఎన్నో రెట్లు రాసి ఉంది. ఆ ఉత్తర్వును వ్యతిరేకించడానికి ఇచ్చేది 10 రోజులే, ఉత్తరం చదివి అర్థం చేసుకునేసరికే నాకు అవి అయిపోయాయి. అప్పటికీ కట్టకపోతే ఆ జరిమానాను నిర్బంధ దినాలుగా మార్చే అధికారం వాళ్ళకుంది. మళ్ళీ ఆ దేశం మీదుగా వెళ్ళవలసిన పని ఉండి నేను మొత్తం కట్టేశాను. 40 ఫ్రాంకులప్పుడే కట్టి ఉంటే ఒక సాయంత్రపు పనిగా పోయేది.

ఇంకో సంగతి. ఏ దేశం నుంచి వచ్చినా, చేతికి వచ్చిన కాగితం ఏ రకమైనదో ముందు గుర్తించండి. బ్రిటన్‌లో మొదట వచ్చేది జరిమానా కాదు, కారు ఎవరు నడిపారో చెప్పమని అడిగే ఉత్తరం. దానికి 28 రోజుల్లో జవాబు ఇవ్వకపోతే అదే వేరే నేరమవుతుంది, సాధారణంగా వేగం మీరిన నేరం కంటే దానికి లైసెన్సు మీద పడే శిక్షా పాయింట్లు ఎక్కువ. జర్మనీలో 55 యూరోల వరకు ఉన్న చిన్న హెచ్చరిక జరిమానాను చెప్పిన గడువులో కడితే వ్యవహారం అక్కడితో అయిపోతుంది. అంతకు మించినదైతే ముందు వివరణ అడిగే ఫారం, ఆ తర్వాత జరిమానా ఉత్తర్వు వస్తాయి. ఉత్తర్వు అందిన రెండు వారాల్లోగానే అభ్యంతరం తెలపాలి.

దూరపుబాట

మీ ముగ్గురికీ ఎంతో కృతజ్ఞుణ్ణి. నిన్న రాత్రి కూర్చుని నోటీసు మొత్తం అనువాదం చేసుకుని చదివాను. మొత్తాలు మైలురాయి గారు చెప్పినట్టే ఉన్నాయి. యంత్రాన్ని ఆ ఏడాదిలోనే పరీక్షించినట్టు తేదీ కూడా ఉంది. కట్టేయాలని నిర్ణయించుకున్నాము. ఒక్క సందేహం మిగిలింది. నోటీసులో బ్యాంకు ఖాతా నంబరు ఇచ్చారు, ఒక వెబ్‌సైటు చిరునామా కూడా ఇచ్చారు. ఏది మేలు? ఇది నకిలీ కాదని ఎలా తెలుసుకోవాలి?

జవాబు (మైలురాయి)

వెబ్‌సైటులో కార్డుతో కట్టే వీలుంటే అదే మేలు, ఎందుకంటే రశీదు అప్పటికప్పుడే వస్తుంది. విదేశం నుంచి బ్యాంకు బదిలీ చేరడానికి రెండు మూడు రోజులు పడుతుంది, మీకు మిగిలినదే రెండు రోజులు. బదిలీ తప్పకపోతే, బ్యాంకు ఖర్చులన్నీ పంపేవారివే అన్న పద్ధతిని ఎంచుకోండి. మధ్యలో ఏదో బ్యాంకు ఐదు యూరోలు కోసుకుంటే అవతల చేరేది తక్కువ అవుతుంది. తక్కువ చేరితే దాన్ని పూర్తి చెల్లింపుగా చూడరు, కొంత కట్టినట్టు జమవేసుకుని మిగిలినదానికి మళ్ళీ వెంటపడతారు. వివరాల గడిలో నోటీసు నంబరు, తేదీ, కారు నంబరు తప్పకుండా రాయండి.

నకిలీ అన్న అనుమానం మంచిదే. చలానా పేరుతో లింకు పెట్టి ఫోనుకు సందేశాలు పంపే మోసాలు చాలా దేశాల్లో జరుగుతున్నాయి. మీకు వచ్చినది రిజిస్టర్డ్ పోస్టు, అందులో మీ అద్దె కారు నంబరు, మీరు నిజంగా అక్కడున్న తేదీ ఉన్నాయి. అద్దె ఒప్పందం తీసి కారు నంబరు పోల్చండి. జనవరిలో రుసుము తీసుకున్న అద్దె సంస్థను అడిగితే ఏ పోలీసు కార్యాలయానికి వివరాలు పంపారో చెబుతారు, అది ఈ పట్టణమే అయితే ఇక అనుమానం అక్కరలేదు. వెబ్‌సైటు చిరునామాను కాగితం చూసి మీరే టైపు చేయండి, వెతికితే వచ్చిన లింకు మీద నొక్కకండి.

దూరపుబాట

ఒప్పందంలోని నంబరు, నోటీసులోని నంబరు ఒకటే. అద్దె సంస్థవారు ఈ ఉదయం జవాబిచ్చారు, వాళ్ళు వివరాలు పంపినది ఈ పట్టణానికే. మధ్యాహ్నం వెబ్‌సైటులో నోటీసు నంబరు, కారు నంబరు టైపు చేయగానే ఫొటో తెరుచుకుంది. చీకట్లో కారు వెనుక భాగం, నంబరు ప్లేటు స్పష్టంగా ఉన్నాయి. తగ్గించిన మొత్తం, ఖర్చులు కలిపి కార్డుతో కట్టి, రశీదు ముద్రించుకుని నోటీసుకు జతచేశాను. మా తమ్ముడు ఫారం మీద సంతకం పెట్టి, లైసెన్సు నకలుతో సహా రిజిస్టర్డ్ పోస్టులో పంపాడు.

జవాబు (నిదానం)

మంచి పని చేశారు. ఆ రశీదునూ, ఫారం పంపిన పోస్టు రశీదునూ ఐదేళ్ళపాటు దాచండి. ఇటలీలో ఇలాంటి జరిమానాను వసూలు చేసుకునే హక్కుకు అంతే కాలపరిమితి ఉంది. చెల్లింపు నమోదులో పొరపాటు జరిగి మూడేళ్ళకో నాలుగేళ్ళకో ఎవరైనా ఉత్తరం రాస్తే, ఈ రెండు కాగితాల నకళ్ళు పంపితే సరిపోతుంది.