సెకండ్ హ్యాండ్ పికప్ కొంటున్నా: బీఎస్4 ఇంజినా, బీఎస్6 ఇంజినా?

గుర్రంపోడు బత్తాయి:
అందరికీ నమస్తే. మాది నల్గొండ జిల్లా గుర్రంపోడు మండలం. ఆరెకరాల బత్తాయి తోట ఉంది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారానికి మారినప్పటి నుంచి కాయ అక్కడికే పంపుతున్నాం, అదీ కిరాయి బండ్ల మీద. కోత రోజున బండి దొరకదు. దొరికితే అడిగినంతా ఇచ్చుకోవాలి. ఈసారి సొంత పికప్ తీసుకుందామని గట్టిగా అనుకున్నాం. బడ్జెట్ ఐదు లక్షల లోపు.

రెండు బండ్లు చూసి పెట్టాను. ఒకటి 2018 బొలెరో పికప్, బీఎస్4 (బండి పొగ మీద 2020 దాకా ఉన్న ప్రమాణం), దేవరకొండ దగ్గర ఇటుక బట్టీ వాళ్లది. రెండోది 2021 అశోక్ లేలాండ్ దోస్త్ పికప్, బీఎస్6 (ఆ తర్వాత వచ్చిన గట్టి ప్రమాణం), షాద్‌నగర్‌లో పార్సిల్ పనికి తిరిగింది. రేటులో పెద్ద తేడా లేదు. సెన్సార్ల గోల ఉండదు, బీఎస్4 తీసుకో అంటాడు మా బావ. కొత్త బండి ఉండగా పాతదెందుకు అంటాడు మా అబ్బాయి. బాడీ, టైర్లు, కమాన్ కట్టలు నేనే చూసుకోగలను. టెన్షన్ అంతా ఇంజిన్ గురించే. ఏది నిలుస్తుంది?

నకిరేకల్ 207:
అన్నా, మీ బావ మాట వినండి. నా దగ్గర ఇప్పటికీ టాటా 207 డీఐ ఉంది. 2956 సీసీ, నాలుగు సిలిండర్లు. చెడితే ఊళ్లో ట్రాక్టర్ మెకానిక్కే స్పానర్ పట్టుకుని బాగు చేస్తాడు. ల్యాప్‌టాప్ తెచ్చి పెట్టాల్సిన పని లేదు. బీఎస్6 బండికి దారిలో లైటు వెలిగిందంటే షోరూమ్ దాకా టోయింగే. రైతుకు ఆ తిప్పలెందుకు?

మిర్యాలగూడ షెడ్డు:
నేను డీజిల్ మెకానిక్‌ని. నకిరేకల్ అన్న చెప్పినది 207కు సరిపోతుంది. గుర్రంపోడు అన్న చూసిన 2018 బొలెరోకు సరిపోదు. బీఎస్4 బొలెరో పికప్‌లో ఉన్నది 2523 సీసీ కామన్ రైల్ ఇంజిన్ (నాజిళ్లన్నింటికీ ఒకే గొట్టం నుంచి గట్టి ప్రెజర్‌తో డీజిల్ పోయే రకం), పాత పంపు ఇంజిన్ కాదు. దానికీ ఈసీఎం (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ఉంది, సెన్సార్లు ఉన్నాయి, ఈజీఆర్ (పొగను కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వు) ఉంది. దోస్త్ అయితే 2011లో వచ్చినప్పటి నుంచే కామన్ రైల్, మూడు సిలిండర్లు, 1478 సీసీ. కాబట్టి ఈ రెండింటి మధ్య అసలు తేడా సెన్సార్లు కాదు. బీఎస్6 బండికి సైలెన్సర్ లైన్‌లో డీపీఎఫ్ అదనంగా ఉంటుంది, మసిని పట్టి ఉంచే జల్లెడ. వాదన ఏదైనా ఉంటే దాని మీదే.

నా ఓటు మాత్రం బీఎస్4కే. డీపీఎఫ్ నిండి, పవర్ పడిపోయి షెడ్డుకు వచ్చే బండ్లు నాకు బాగా తెలుసు. బండి తోట నుంచి ఊరికి, ఊరి నుంచి హాలియాకు తిరిగితే ఇంజిన్ సరిగా వేడెక్కేలోపే ఆపేస్తారు. మసి కాలాలంటే ఆ జల్లెడలో ఆరొందల డిగ్రీల దాకా వేడి పుట్టాలి. చిన్న తిరుగుడులో అది జరగదు. ఆ వేడి కోసం ఇంజిన్ అదనంగా డీజిల్ చల్లుతుంది, సగంలో ఆగిన ప్రతిసారీ కాలకుండా మిగిలింది కొంత ఆయిల్‌లోకి దిగుతుంది. గేజ్ కడ్డీ తీసి చూస్తే ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగి ఉంటుంది. వాసన చూస్తే డీజిలే.

జడ్చర్ల కిరాయి:
షెడ్డన్నా, మీ దగ్గరికి చెడిన బండ్లే వస్తాయి. బాగున్న బండి షెడ్డు ముందు నుంచి హారన్ కొట్టుకుంటూ పోతుంది, మీ లెక్కలోకి రాదు. నాది బీఎస్6 పికప్. జడ్చర్ల నుంచి కర్నూలు, ఇటు హైదరాబాద్, 44వ నంబరు హైవే మీదే ఎక్కువ తిరుగుతాను. డీపీఎఫ్ లైటు వెలిగితే భయపడి ఆపను. షాద్‌నగర్ దాటాక ఒక గేరు తగ్గించి, ఆర్‌పీఎం కొంచెం పైన ఉంచి, ఆగకుండా ఇరవై నిమిషాలు లాగుతాను. లైటు దానంతటదే ఆరిపోతుంది. చాలామంది ఆ లైటును బ్రేక్‌డౌన్ అనుకుని పక్కకు ఆపేస్తారు, చేయకూడని పని అదే.

గుర్రంపోడు నుంచి నల్గొండ, నార్కట్‌పల్లి మీదుగా 65వ నంబరు హైవే ఎక్కి బాటసింగారం దాకా నిండు లోడుతో పోతే డీపీఎఫ్‌కు అంతకన్నా మంచి పని లేదు. అసలు ప్రశ్న ఇది: సీజన్ లేని నెలల్లో మీరు బండిని ఎలా తిప్పుతారు? అది చెప్పకుండా ఏ ఇంజిన్ అని అడిగితే ఎవరి బండి గొప్ప వాళ్లు చెప్తారు.

గుర్రంపోడు బత్తాయి:
తమ్మీ, మంచి మాట అడిగావు. సీజన్‌లో వారానికి రెండు మూడు సార్లు బాటసింగారం. మిగతా నెలల్లో ఎరువులు, దాణా, డ్రిప్ పైపులు, అంతా ఊరి చుట్టే. మా అబ్బాయి బయట కిరాయిలు తోలుతానంటున్నాడు కానీ నమ్మకం లేదు.

అచ్చంపేట గొర్రెలు:
నా సంగతి వేరు, అయినా చెప్తా. మన్ననూరు దాటి దోమలపెంట దాకా ఘాట్. గొర్రెలతో ఎక్కేటప్పుడు ఇంజిన్ రంగు తెలిసిపోతుంది. అక్కడ నాలుగు సిలిండర్ల బండి గేరు మార్చకుండా లాగుతుంటే, చిన్న ఇంజిన్ మొత్తుకుంటుంది. ముప్పావు టన్నుకు చేసిన టాటా ఏస్‌లో టన్నున్నర వేసి, ఇంజిన్ మంచిది కాదు అనేవాళ్లను చాలామందిని చూశాను. ఏస్ చేసిన పని ఏస్ చేసింది, 2005లో వచ్చినప్పుడు 702 సీసీ రెండు సిలిండర్లతో ఊరూరికీ సరుకు చేర్చింది. దానిమీద లారీ లోడు వేస్తే తప్పు దానిది కాదు. బత్తాయి బరువు తెలిసిందే, క్రేట్లు పేర్చుకుంటూ పోతే లెక్క దాటేస్తుంది. ఓవర్‌లోడ్ పట్టుకుంటే 2019 సవరణ తర్వాత జరిమానా 20,000తో మొదలు.

మిర్యాలగూడ షెడ్డు:
సిలిండర్ల మాట నిజమే. కానీ కంపెనీ పేరు, సిలిండర్లు, బీఎస్ నంబరు, ఇవన్నీ పక్కన పెట్టి ఇంకో మాట చెప్పనివ్వండి. మన నల్గొండ వైపు ఇంజిన్లను చంపేది బోరు నీళ్లు.

మర్రిగూడ, చండూరు, మునుగోడు, దేవరకొండ వైపు బోరు నీళ్ల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్‌తో జనం నడుములు వంగిపోయిన నేల. ఇంజిన్‌కు ఫ్లోరైడ్ అంత లెక్క కాదు, నీళ్లలోని గట్టిదనం లెక్క. డ్రైవర్ రేడియేటర్‌లో కూలెంట్ తగ్గిందని పక్కనున్న మోటర్ దగ్గర డబ్బా నింపి పోస్తాడు. రెండు ఎండాకాలాలు గడిచేసరికి లోపల తెల్లటి పొర కడుతుంది, కుండ అడుగున పట్టే పొరలాగే. హెడ్ చుట్టూ నీళ్లు పోయే సన్న దారులు మూసుకుపోతాయి. పైన చూస్తే రేడియేటర్ నిండుగానే ఉంటుంది. మే నెలలో లోడుతో ఎక్కుడు ఎక్కేసరికి హెడ్ వేడెక్కి వంగుతుంది, గ్యాస్కెట్ పోతుంది. అప్పుడు ఓనర్ 'ఈ కంపెనీ ఇంజిన్ వేస్ట్' అంటాడు.

కాబట్టి బండి చూడ్డానికి పోతే ముందు కూలెంట్ డబ్బా చూడండి. పచ్చగానో, గులాబీ రంగులోనో తేటగా ఉండాలి. ఎర్రమట్టి నీళ్లలా ఉంటే, మూత లోపల తెల్ల పొక్కులు ఉంటే వెనక్కి తిరిగి రండి. పైన ఆయిల్ జిడ్డు తేలుతున్నా, బండి స్టార్ట్‌లో ఉండగా బుడగలు వస్తున్నా అంతే. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు మాత్రం మూత తిప్పకండి, మొహం కాలుతుంది.

ఇంకోటి, అమ్మేవాళ్లకు చెప్పండి, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని. వెళ్లగానే బానెట్ తెరిచి ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉన్నా అనుమానమే. చల్లటి ఇంజిన్ సెల్ఫ్ కొట్టగానే పట్టుకోవాలి. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోంది. తర్వాత స్లోలో ఉంచి, ఆయిల్ పోసే మూత విప్పి, తిరగేసి అక్కడే పెట్టండి. మూత గజగజలాడి ఎగిరిపడితే, పొగ గుప్పుమంటే ఇంజిన్ బోరుకొచ్చినట్టే, అంటే సిలిండర్లు అరిగిపోయినట్టు. ఇక బేరం వద్దు.

నకిరేకల్ 207:
నాజిల్ పైపు నట్లు ఒక్కోటి లూజ్ చేసి ఏ సిలిండర్ పనిచేయట్లేదో చూడొచ్చు కదా, మేం అట్లనే చూస్తాం.

మిర్యాలగూడ షెడ్డు:
పంపు ఇంజిన్‌కు చూడండి. కామన్ రైల్‌కు చచ్చినా చేయకండి. రైల్‌లో ప్రెజర్ స్లోలోనే వందల బార్లు, లోడు మీద వెయ్యి దాటుతుంది, ఆ డీజిల్ చేతిలోకి సూదిలా దిగుతుంది. వేళ్లు తీసేయాల్సి వచ్చే గాయం అది. కామన్ రైల్‌కు వేరే పద్ధతి ఉంది. నాజిళ్ల రిటర్న్ పైపులు తీసి ఒక్కోదానికి చిన్న సీసా పెట్టి కాసేపు నడిపిస్తాం. ఏ సీసా త్వరగా నిండితే ఆ నాజిల్ అరిగినట్టు. ఆ టెస్టుకు ఒప్పుకోని ఓనర్ దగ్గర కొనకండి.

వనపర్తి ఫైనాన్స్:
ఇంజిన్ గురించి నాకు తెలియదు, కాగితాల గురించి రెండు ముక్కలు. పార్సిల్‌కు తిరిగిన బండికి చలాన్లు పేరుకుపోయి ఉంటాయి, ముందు చూసుకోండి. ఆర్‌సీ మీద హెచ్‌పీ (బండి అప్పులో ఉందన్న గుర్తు) ఉంటే ఫైనాన్స్ వాళ్ల ఎన్‌ఓసీ, అప్పు తీరిందని రాసిచ్చే ఫారం 35 చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. ట్రాన్స్‌పోర్ట్ బండికి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి ఫిట్‌నెస్, ఆ తర్వాత ఏటా చేయించాలి. 2018 బండి కొంటే ఆ ఖర్చు మీదే. ఆర్‌సీలో మొత్తం బరువు 3,000 కిలోల లోపు ఉంటే పర్మిట్ అవసరం లేదు. మీ అబ్బాయికి కారు లైసెన్స్ ఉంటే చాలు, 7,500 కిలోల లోపు బండ్లకు అది చెల్లుతుందని సుప్రీంకోర్టు 2024 నవంబర్‌లో మళ్లీ చెప్పింది.

జడ్చర్ల కిరాయి:
బీఎస్6 చూడ్డానికి పోతే ఇంకో పరీక్ష. సైలెన్సర్ గొట్టం లోపల వేలు పెట్టి తిప్పండి. డీపీఎఫ్ బాగుంటే వేలికి మసి అంటదు. నల్లగా అంటిందంటే జల్లెడ పగిలి ఉండాలి, లేదా ఎవరో దాన్ని కోసేసి ఉత్త పైపు వెల్డింగ్ పెట్టి ఉండాలి. తాళం తిప్పగానే డాష్‌బోర్డ్ మీద హెచ్చరిక లైట్లన్నీ ఒక్కసారి వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే బల్బు పీకేశారని అర్థం.

కొన్ని బీఎస్6 మోడళ్లకు యాడ్‌బ్లూ (పొగను శుద్ధి చేసే యూరియా ద్రావణం) ట్యాంకు కూడా ఉంటుంది, కొన్నింటికి ఉండదు. ఉంటే ఓనర్ ఏం పోశాడో అడగండి. మా వైపు ఒకాయన ఇంట్లో ఉన్న యూరియా బస్తా విప్పి నీళ్లలో కలిపి పోశాడు. యాడ్‌బ్లూ అంటే 32.5 శాతం యూరియా, కానీ అది శుద్ధమైనది. పొలానికి వేసేది వేపపూత యూరియా. గడ్డకట్టి స్ప్రే చేసే నాజిల్ మూసుకుపోయింది. రైతు ఇంట్లో ఈ టెంప్టేషన్ ఎక్కువ కాబట్టి చెప్తున్నా.

గుర్రంపోడు బత్తాయి:
రెండూ చూసి వచ్చాను. బట్టీ బండి వాళ్లు స్టార్ట్ చేయొద్దన్నా వినలేదు, నేను పోయేసరికి ఇంజిన్ వేడిగా ఉంది. చల్లారేదాకా చెట్టు కింద కూర్చుని తర్వాత కూలెంట్ మూత తీశాను. బురద నీళ్లు. డ్రైవర్ పిల్లగాడిని అడిగితే, 'బట్టీ దగ్గర బోరు ఉంది కద సార్' అన్నాడు. అక్కడే ఆపేశాను.

దోస్త్ చల్లగా ఉంది. ఒక్క సెల్ఫ్‌కే పట్టుకుంది, మూత ఎగరలేదు, సైలెన్సర్‌లో వేలు పెడితే దుమ్మే తప్ప మసి లేదు. ఆయిల్ మాత్రం గేజ్‌లో పై గీత దాటి ఉంది. పార్సిల్ కదా, వీధి వీధికీ ఆపుకుంటూ తిరిగింది.

నకిరేకల్ 207:
చూశారా, అదే షెడ్డన్న చెప్పిన డీజిల్ దిగిన ఆయిల్. ఒక బట్టీ బండి పాడైతే బీఎస్4లన్నీ పాడైనట్టు కాదు. సూర్యాపేట, కోదాడ వైపు ఇంకోటి వెతకండి, కూరగాయలకు తిరిగినది దొరుకుతుంది. నా మాట ఇప్పటికీ అదే.

జడ్చర్ల కిరాయి:
గీత దాటడానికి సర్వీసులో ఎక్కువ పోసి ఉండొచ్చు కూడా. వాసన చూశారా?

గుర్రంపోడు బత్తాయి:
చూశాను, కొంచెం డీజిల్ వాసనే. వాళ్లు పదిహేను వేలు తగ్గిస్తామంటున్నారు. షెడ్డన్నా, మీరైతే ఏం చేస్తారు?

మిర్యాలగూడ షెడ్డు:
నా ఓటు బీఎస్4 అన్నాను, మంచి బీఎస్4 దొరికితే ఇప్పటికీ అదే అంటాను. కానీ మీ ముందున్నది ఈ బండి. టోకెన్ ఇవ్వకుండా స్కానర్ ఉన్న చోటికి తీసుకురమ్మనండి. డీపీఎఫ్‌లో మసి ఎంత శాతం ఉందో, చివరిసారి ఎప్పుడు పూర్తిగా కాలిందో, ఎన్నిసార్లు సగంలో ఆగిందో చూపిస్తుంది. నాజిళ్ల రిటర్న్ కూడా అక్కడే చూడాలి. మసి మాత్రమే ఉంటే స్కానర్‌తో బలవంతంగా కాల్చేయొచ్చు. మసి కాలాక మిగిలే బూడిద నిండి ఉంటే విప్పి శుభ్రం చేయించాలి, అది పదిహేను వేలతో పోయే బేరం కాదు, ఇంకా తగ్గించమనండి. నాజిళ్లు బాగుండి, లెక్క కుదిరితే తీసుకోండి. తీసుకున్న రోజే ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ మార్చండి. ఆయిల్ బీఎస్6కు చెప్పిన తక్కువ బూడిద రకమే పోయాలి, ట్రాక్టర్ డబ్బాలో మిగిలింది కాదు. సీజన్ లేని నెలల్లో వారానికోసారి లోడు ఉన్నా లేకున్నా కొండమల్లేపల్లి దాకా ఆగకుండా తోలి రమ్మనండి మీ అబ్బాయిని.