కెమెరా, రేడియోతో బెలూన్‌ను 30 కిలోమీటర్ల ఎత్తుకు పంపాలి: పెట్టె తిరిగి దొరకాలంటే ఏం చేయాలి?

వరంగల్ విద్యార్థి:
అందరికీ నమస్కారం. నేను ఈసీఈ రెండో సంవత్సరం. మేం ఐదుగురం కలిసి వచ్చే జనవరిలో కాలేజీ గ్రౌండ్ నుంచి ఒక బెలూన్ వదలాలనుకుంటున్నాం. భూమి అంచు వంపు కనిపించేంత ఎత్తు నుంచి వీడియో తీయాలని మా ఆశ. 1200 గ్రాముల లేటెక్స్ బెలూన్, మీటరు వెడల్పు పారాచూట్, యాక్షన్ కెమెరా, జీపీఎస్, లోరా రేడియో బోర్డు (తక్కువ పవర్‌తో చాలా దూరం సందేశం పంపేది) అనుకున్నాం. పెట్టె 900 గ్రాములు దాటకుండా చూస్తున్నాం.

పైకి వెళ్ళడం గురించి పెద్ద భయం లేదు. తిరిగి దొరుకుతుందా అన్నదే టెన్షన్. పాత స్మార్ట్‌ఫోన్ ఒకటి పెట్టి లొకేషన్ షేర్ చేస్తే చాలని మా ఫ్రెండ్ అంటున్నాడు. హీలియం ఎంత కావాలి? బ్యాటరీలు ఆ చలికి ఆగుతాయా? పర్మిషన్ ఎవరిని అడగాలి? తెలిసినవాళ్ళు చెప్పగలరు.

నల్గొండ హామ్:
తమ్ముడూ, నేను హామ్‌ని, అంటే లైసెన్స్ తీసుకుని అభిరుచితో రేడియో నడిపేవాణ్ని. ముందు పర్మిషన్ సంగతి చూసుకో. మిగతావన్నీ తర్వాత. విమానాలు తిరిగేది 10, 12 కిలోమీటర్ల ఎత్తులో. సెకనుకు 5 మీటర్ల వేగంతో పైకి పోయే మీ బెలూన్ ఆ 12 కిలోమీటర్లు దాటడానికి 40 నిమిషాలు పడుతుంది. అంతసేపూ అది విమానాల దారిలో ఉంటుంది. పైలట్లకు, కంట్రోలర్లకు ముందే తెలియాలి. శంషాబాద్ ట్రాఫిక్ ఒకటే కాదు, దుండిగల్, హకీంపేటల్లో వైమానిక దళం శిక్షణ విమానాలు కూడా ఉన్నాయి.

కాలేజీ లెటర్‌హెడ్ మీద, ప్రిన్సిపల్ సంతకంతో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకూ, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎయిర్ ట్రాఫిక్ విభాగానికీ, వైమానిక దళానికీ రాయండి. జిల్లా కలెక్టర్‌కు, పోలీసులకు కాపీలు పంపండి. వదిలే చోటు అక్షాంశ రేఖాంశాలు, తేదీ, సమయం, బెలూన్ రంగు, నింపాక వ్యాసం, పెట్టె బరువు, పైకి ఎక్కే వేగం, పగిలే ఎత్తు, దిగే ప్రాంతం అన్నీ ఒకే పేజీలో ఉండాలి. అంతర్జాతీయ నిబంధనల్లో 4 కిలోల లోపు పెట్టెను తేలిక రకంగా లెక్కిస్తారు. మీది అందులోకే వస్తుంది. కానీ బరువు తక్కువ ఉంటే చాలదు, చిన్న పెట్టెలో బరువంతా ఒకేచోట గట్టిగా కుదించి ఉండకూడదు, తాడు గట్టి దెబ్బకు తెగిపోయేలా ఉండాలి. నైలాన్ మోకు కట్టకండి. తేలిక రకమే కదా అని పర్మిషన్ లేకుండా మాత్రం వదలొద్దు. చేతిలో రాతపూర్వక అనుమతి, విమానాలకు నోటామ్ హెచ్చరిక లేకపోతే హీలియం సిలిండర్ మూత కూడా తీయకండి. దీనికి నెలలు పడతాయి, అందుకే ఈరోజే మొదలుపెట్టు.

ఫోన్ మీద నమ్మకం వద్దు. సెల్ టవర్ల యాంటెన్నాలు నేలవైపు చూస్తుంటాయి. కొన్ని కిలోమీటర్లు పైకి వెళ్ళాక సిగ్నల్ ఉండదు. దిగేది ఏ గుట్ట వెనకో అయితే అక్కడా ఉండదు.

ఇక నేను దెబ్బతిన్న విషయం చెబుతాను. మా మొదటి పెట్టెలో జీపీఎస్ 12 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయింది. రేడియో చక్కగా వస్తోంది, అంకె మాత్రం కదలడం లేదు. యూబ్లాక్స్ కంపెనీ జీపీఎస్ చిప్పులు కొన్నప్పుడు మామూలు మోడ్‌లో ఉంటాయి, ఆ మోడ్‌లో 12 కిలోమీటర్లే పరిమితి. దాన్ని ఎయిర్‌బోర్న్ (గాల్లో ఎగిరేవాటి) మోడ్‌కి మారిస్తే 50 కిలోమీటర్ల దాకా లెక్కిస్తుంది. ఆ కమాండ్ మేం పంపాం. కానీ పవర్ ఒక్కసారి పోయి వచ్చేసరికి చిప్పు మళ్ళీ పాత మోడ్‌లోకి వెళ్ళిపోయింది. అందుకే మీ ప్రోగ్రామ్‌లో ప్రతి నిమిషానికీ మోడ్ ఏమిటని అడిగించండి, తప్పుంటే మళ్ళీ కమాండ్ పంపించండి. ఆ మోడ్ ఏమిటో రేడియో సందేశంలో ఒక అక్షరంగా కింద మీకు కనిపించాలి. వేరే కంపెనీ చిప్పయితే 18 కిలోమీటర్ల పరిమితి ఉందేమో డేటాషీట్‌లో చూడండి.

ఇంకోటి. యాక్షన్ కెమెరా, దాని కేబులు జీపీఎస్ సిగ్నల్‌ను పాడు చేస్తాయి. టేబుల్ మీద కెమెరా ఆఫ్‌లో ఉన్నప్పుడు ఎన్ని ఉపగ్రహాలు దొరుకుతున్నాయి, రికార్డింగ్ ఆన్ చేశాక ఎన్ని మిగులుతున్నాయి, రాసుకోండి. సగానికి పడితే జీపీఎస్‌ను పెట్టె పైమూతకు, కెమెరాను అడుగుకు మార్చండి.

విజయవాడ లెక్చరర్:
హీలియం లెక్క నేను చెబుతాను. నేల దగ్గర ఒక ఘనపు మీటరు హీలియం దాదాపు కిలో బరువు ఎత్తుతుంది. మీ పెట్టె, పారాచూట్, తాడు కలిపి కిలో. బెలూన్ బరువు 1.2 కిలోలు. సెకనుకు 5 మీటర్లు ఎక్కాలంటే వీటి మీద ఇంకో కిలోకు పైగా ఎత్తుడు శక్తి ఉండాలి. అంటే మూడుంపావు ఘనపు మీటర్ల చుట్టుపక్కల. 47 లీటర్ల పెద్ద సిలిండర్ 150 బార్ ఒత్తిడిలో ఏడు ఘనపు మీటర్లు ఇస్తుంది కాబట్టి ఒకటి చాలు. మన దేశానికి హీలియం దిగుమతే, ధర ఎక్కువే. హైడ్రోజన్ చవక అని ఎవరైనా అంటే వినకండి. దానికి శిక్షణ పొందిన మనుషులు, నిప్పురవ్వ రాని ఏర్పాట్లు కావాలి. పిల్లలు గుమికూడే కాలేజీ గ్రౌండ్‌లో అది ప్రాణాలతో చెలగాటం.

గ్రౌండ్‌లో మీటర్లు చూసి నింపడం కష్టం. సులువైన పద్ధతి: 2.2 కిలోలు (పెట్టె వైపు కిలో, పైకి ఎక్కించే అదనపు శక్తి 1.2; బెలూన్ తన బరువు తానే మోస్తుంది కాబట్టి అది ఇందులో లేదు) తూగేలా నీళ్ళు పోసిన సీసాను నింపే గొట్టానికి వేలాడదీయండి (గొట్టం బరువు కూడా ఆ 2.2లోనే కలపాలి). బెలూన్ దాన్ని నేల మీంచి అలా మెల్లగా లేపి నిలబెట్టిన క్షణం సరిపోయినట్టు. ఎక్కువ నింపితే మరీ ఎత్తు వెళ్తుందనుకుంటారు చాలామంది. జరిగేది ఉల్టా. తొందరగా ఎక్కి తక్కువ ఎత్తులోనే పగులుతుంది. మరీ తక్కువ నింపితే పగలకుండా తేలుతూ ఏ రాష్ట్రం దాకానో పోతుంది. రబ్బరును ఒట్టి చేతులతో తాకొద్దు, మెత్తని కాటన్ గ్లవ్స్ వేసుకోండి. నేల మీద రెండు మీటర్ల లోపు ఉండే బుడగ పైన ఎనిమిది మీటర్లు దాటుతుంది. చేతి జిడ్డు, గోటి గీత ఉన్నచోటే ముందు చిరుగుతుంది.

చలి గురించి ముఖ్యమైన మాట. విదేశీ గైడ్లలో మైనస్ 55 డిగ్రీలని రాస్తారు. అది వాళ్ళ ఆకాశం. మన ఉష్ణమండలంలో వాతావరణం బాగా ఎత్తు దాకా చల్లబడుతూ పోయి, 16, 17 కిలోమీటర్ల దగ్గర మైనస్ 80కి దగ్గరవుతుంది. ఆ పైన మళ్ళీ వేడెక్కుతుంది, 30 కిలోమీటర్ల దగ్గర మైనస్ 40ల్లో ఉంటుంది. అంటే మీ పెట్టెకు గండం మధ్యలో ఉంది, పైన కాదు. నమ్మకం కుదరకపోతే హైదరాబాద్, విశాఖల నుంచి వాతావరణ శాఖ వదిలే రేడియోసాండ్ల (బెలూన్‌కు కట్టి పంపే వాతావరణ పరికరాల) రీడింగులు చూడండి. యూనివర్సిటీ ఆఫ్ వ్యోమింగ్ సైట్‌లో హైదరాబాద్ 43128, విశాఖ 43150 నంబర్లతో దొరుకుతాయి.

వరంగల్ విద్యార్థి:
లెక్చరర్ గారూ, మైనస్ 80 అంటే మా పవర్‌బ్యాంక్ చచ్చిపోతుంది కదండీ? పెట్టెలో వేడి ప్యాకెట్లు పెడితే?

విజయవాడ లెక్చరర్:
వేడి ప్యాకెట్లు ఇనుము తుప్పు పట్టడంతో వేడెక్కుతాయి, దానికి ఆక్సిజన్ కావాలి. అక్కడ గాలి మరీ పలచన. రెండున్నర సెంటీమీటర్ల మందం థర్మాకోల్ పెట్టె తీసుకుని సందులన్నీ టేపుతో మూయండి. కెమెరా పనిచేస్తూ పుట్టించే వేడే లోపలి సామానును కాపాడుతుంది. ట్రాకర్‌కు మాత్రం ఒకసారి వాడి పారేసే లిథియం ఏఏ సెల్స్ వాడండి. వాటిని మైనస్ 40 దాకా పనిచేసేలా తయారు చేస్తారు. మామూలు ఆల్కలైన్ సెల్స్ వద్దు. ట్రాకర్‌కూ కెమెరాకూ ఒకే బ్యాటరీ ఇవ్వొద్దు. కెమెరా ఆగినా పెట్టె దొరుకుతుంది, ట్రాకర్ ఆగితే రెండూ పోతాయి.

పరీక్షకు డ్రై ఐస్ తెప్పించండి. దాని ఉష్ణోగ్రత మైనస్ 78, మన ఆకాశంలోని చలికి సరిగ్గా సరిపోతుంది. పెద్ద థర్మాకోల్ డబ్బాలో డ్రై ఐస్ వేసి, మధ్యలో మీ పెట్టెను అన్నీ ఆన్ చేసి గంటసేపు ఉంచండి. కిటికీలు తెరిచి ఉండాలి, మందపాటి గ్లవ్స్ వేసుకోవాలి. లెన్స్ అద్దం మీద మంచు పేరుకుంటే లోపల సిలికా జెల్ పొట్లాలు పెట్టండి.

డల్లాస్ నుంచి:
నేను ఇక్కడ యూనివర్సిటీ విద్యార్థులతో బెలూన్లు వదిలాను. ఇక్కడ అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ నిబంధనల్లో పార్ట్ 101 కింద తేలిక పెట్టెలకు చాలా మినహాయింపులు ఉంటాయి. ఆ వీడియోలు చూసి మన దగ్గరా అంతేననుకోకండి. నల్గొండ అన్న చెప్పినట్టు కాగితాలు ముందు. ఒక విషయం మాత్రం ఎక్కడైనా ఒకటే: వదలడానికి ముందు రోజు కాదు, వారం ముందు నుంచీ రోజూ సోండ్‌హబ్ ప్రెడిక్టర్‌లో (గాలిని బట్టి బెలూన్ దారి అంచనా వేసే వెబ్‌సైట్) దారి లెక్క వేసి మ్యాప్ మీద చుక్కలు పెట్టండి. ఆ చుక్కలన్నీ ఒక మూలకు చేరుతున్నాయా, చెల్లాచెదురుగా ఉన్నాయా అన్నదే మీ ధైర్యానికి కొలత.

వరంగల్ విద్యార్థి:
వేసి చూశాం. గత నాలుగు రోజుల గాలితో కాలేజీ నుంచి వదిలితే పాకాల, తాడ్వాయి వైపు పడుతోంది.

నల్గొండ హామ్:
అదే నేను చెప్పబోయింది. చలికాలంలో మన మీద పై గాలులు పడమటి నుంచి తూర్పుకు వీస్తాయి. 10 నుంచి 14 కిలోమీటర్ల మధ్య గట్టిగా ఉంటాయి. వరంగల్‌కు తూర్పున అంతా అడవి, ఆపైన గోదావరి. చెట్టుకొమ్మల్లో పారాచూట్ చిక్కితే కింద నిలబడి చూడటం తప్ప చేసేదేం లేదు. అభయారణ్యంలోకి మీరు ఊరికే వెళ్ళలేరు కూడా. కాలేజీ గ్రౌండ్ మీద మమకారం వదులుకోండి. జనగామ చుట్టుపక్కల ఖాళీ స్థలం చూసుకుంటే పెట్టె తొర్రూరు వైపు పొలాల్లో దిగే అవకాశం ఉంటుంది. వదిలే చోటు ఖాయమయ్యాకే పర్మిషన్ లేఖ పంపండి, తర్వాత మారిస్తే మొదటికొస్తుంది. జూన్ తర్వాతైతే పై గాలి తిరగబడి తూర్పు నుంచి పడమరకు వీస్తుంది, కానీ ఆ మబ్బుల్లో మీకు వీడియో దక్కదు.

రేడియో సంగతి. మన దేశంలో 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ పవర్ పరికరాలకు విడిగా లైసెన్స్ అక్కర్లేదు, లోరా బోర్డు ఆ బ్యాండ్‌ది కొనండి. 433 బోర్డు చవగ్గా దొరుకుతుందని తెచ్చుకోకండి, దాని నిబంధనలు వేరు. హామ్ బ్యాండ్లు వాడాలంటే కాల్‌సైన్ (హామ్ లైసెన్స్‌తో ఇచ్చే గుర్తు పేరు) ఉన్న మనిషి ఉండాలి. హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది, పరీక్షకు అక్కడ దారి చూపిస్తారు. మీలో ఇద్దరైనా రాయండి, ఇది జీవితాంతం పనికొచ్చే విద్య.

30 కిలోమీటర్ల ఎత్తు నుంచి చూపు 600 కిలోమీటర్ల దాకా ఆనుతుంది కాబట్టి పైన ఉన్నంతసేపు సిగ్నల్‌కు లోటుండదు. నేల తాకాక అదే రేడియో కిలోమీటరు దాటి వినిపించకపోవచ్చు. అందుకే అసలు పని చివరి పది నిమిషాల్లో ఉంది. బుడగ పగిలాక పారాచూట్ ఉన్నా మొదట సెకనుకు 40 మీటర్ల వేగంతో పడుతుంది, గాలి చిక్కబడే కొద్దీ నెమ్మదించి 5కి వస్తుంది. ముప్పావుగంట లోపే నేల మీద ఉంటుంది. అప్పటికి మీ కారు దిగే చోటు దగ్గర ఉండాలి, వదిలిన చోట కాదు. ఇద్దర్ని ముందే యాగీ యాంటెన్నా (తిప్పిన దిక్కు నుంచి సిగ్నల్ బాగా పట్టేది) ఇచ్చి అటు పంపండి. వాళ్ళకు 300 మీటర్ల ఎత్తులో ఉన్నప్పటి సందేశం అందితే పెట్టె చేతికొచ్చినట్టే. పెట్టెలో గట్టిగా కూసే బజర్ ఒకటి పెట్టండి, పత్తి చేనులో రెండడుగుల దూరంలో ఉన్నా కనపడదు.

చేనులోకి దిగేముందు రైతును అడగండి. జనవరి అంటే మిర్చి కాపు మీద ఉంటుంది. ఐదుగురు తొక్కుకుంటూ పోతే ఆయన నష్టం మీ వీడియో కన్నా పెద్దది.

వరంగల్ విద్యార్థి:
అన్నా, మీ మొదటి పెట్టె చివరికి దొరికిందా?

నల్గొండ హామ్:
దొరికింది, పందొమ్మిది రోజులకు. ఒక గొర్రెల కాపరికి మొదటి రోజే కనిపించిందట. పెట్టె మీద అంతా ఇంగ్లిష్‌లో రాశాం. వైర్లు, మెరిసే లైటు చూసి బాంబేమోనని ఎవరూ దగ్గరికి పోలేదు. ఊళ్ళో వాళ్ళు రెండు వారాలు ఆ దారి మానేశారు. చదువుకునే ఒక అమ్మాయి సెలవులకు ఊరొచ్చి, మా నంబర్ చదివి ఫోన్ చేసింది. నేను వెళ్ళి ఆ కాపరి చేతులు పట్టుకుని క్షమాపణ అడిగాను. మన జనానికి ఇలాంటివి కొత్త కాదు. హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి దశాబ్దాలుగా పెద్ద పెద్ద బెలూన్లు ఎగురుతున్నాయి. 2022 డిసెంబరులో అక్కడి నుంచి ఎగిరిన స్పెయిన్ కంపెనీ క్యాప్సూల్ ఒకటి వికారాబాద్ జిల్లా పొలాల్లో దిగితే చుట్టుపక్కల ఊళ్ళన్నీ చూడటానికి కదిలాయి. ఆ కేంద్రం వాళ్ళు ముందే పేపర్లలో ప్రకటన ఇస్తారు. మీరు కనీసం పెట్టె మీద తెలుగులో రాయండి. నాలుగు పక్కలా, పెద్ద అక్షరాల్లో. మేం ఇప్పుడు వాడేది ఇది, ఇలాగే తీసుకోండి:

"అయ్యా, అమ్మా, భయపడకండి. ఇది కాలేజీ విద్యార్థుల వాతావరణ ప్రయోగం. ఇందులో కెమెరా, రేడియో, బ్యాటరీలు మాత్రమే ఉన్నాయి. పేలేది ఏదీ లేదు. ప్రభుత్వ అనుమతితో పంపాం. దయచేసి తెరవకుండా నీడలో ఉంచి ఈ నంబర్‌కు ఫోన్ చేయండి. మేమే వచ్చి తీసుకెళ్తాం. కరెంటు తీగల మీద ఉంటే ముట్టుకోవద్దు."

కింద రెండు ఫోన్ నంబర్లు, అనుమతి లేఖ నంబరు. స్టిక్కర్ లామినేషన్ చేయించు, మంచుకు సిరా కారిపోతుంది. అటు ఛత్తీస్‌గఢ్ వైపు గాలి తోస్తుందనిపిస్తే ఒక పక్క హిందీలో కూడా వేయించు.