అమెరికాలో కొడుకు దగ్గరికి పోతున్నా. లైబ్రరీలో ఇంగ్లిష్ క్లాసులకు నాలాంటివాళ్లు పోవచ్చా?

కర్నూలు టైలరమ్మ:

అందరికీ నమస్కారం. కొండారెడ్డి బురుజు దగ్గర ముప్పై ఏళ్లకు పైగా బ్లౌజులు కుట్టాను. ఇప్పుడు నాకు 58. మా ఆయన పోయాక ఒంటరిగా ఉన్నానని మా అబ్బాయి గ్రీన్ కార్డుకు పెట్టాడు, వీసా వచ్చింది. సంక్రాంతి అయ్యాక ప్రయాణం. వాళ్లుండేది సియాటిల్ పక్కన కెంట్‌లో.

కొడుకూ కోడలూ ఆఫీసుకు పోతే సాయంత్రం దాకా నేనొక్కదాన్నే ఉండాలి, అదే టెన్షన్. పదో తరగతి చదివాను. ఇంగ్లిష్ కూడబలుక్కుని చదవగలను గానీ మాట్లాడడం రాదు. అక్కడి లైబ్రరీలో వలస వచ్చినవాళ్లకు ఉచితంగా నేర్పుతారని కోడలు చెప్పింది. అఫ్గానిస్తాన్ నుంచి, ఉక్రెయిన్ నుంచి ఇల్లూ వాకిలీ వదిలేసి వచ్చినవాళ్లు కూడా అక్కడికి వస్తారట. నా అనుమానం అక్కడే ఉంది. అన్నీ పోగొట్టుకున్నవాళ్ల కోసం పెట్టినదాంట్లో, కొడుకు నీడన ఉండే నేను పోయి కూర్చోవడం న్యాయమేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

అనంతపురం లెక్కల టీచర్:

చెల్లెమ్మా, నిస్సంకోచంగా పోండి. నేను అనంతపురంలో హైస్కూల్ టీచరుగా రిటైరయ్యాక రెంటన్‌లో మా అమ్మాయి దగ్గర కొన్నేళ్లు ఉండి వచ్చాను. మీ కెంట్ దాని పక్క ఊరే.

మీ అనుమానం సంగతి ముందు చెప్తాను. శరణార్థులకు ఇల్లు చూపించడం, పిల్లల్ని బడిలో చేర్చడం, పని వెతికిపెట్టడం లాంటివి ఐఆర్‌సీ, వరల్డ్ రిలీఫ్ వంటి సంస్థలు చూస్తాయి. ఆ సాయం వాళ్లది, మనం దాని జోలికి పోకూడదు. లైబ్రరీ అలా కాదు, అది ఊరందరిదీ. కెంట్ లైబ్రరీలు కింగ్ కౌంటీ లైబ్రరీ సిస్టమ్ కిందికి వస్తాయి. దాని ఖర్చు చాలావరకు అక్కడివాళ్లు కట్టే ఆస్తిపన్నులోంచే వెళ్తుంది. మనమూ ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడతాం కదా, 1960 చట్టం ప్రకారం. మీ అబ్బాయి సొంతింట్లో ఉంటే నేరుగా కడతాడు, అద్దెకుంటే అద్దెలో కలిసి పోతుంది. మీరు ఎవరి కుర్చీనీ లాక్కోవడం లేదు.

అక్కడ టాక్ టైమ్ అని పెడతారు. పరీక్షలు, మార్కులు ఉండవు. బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకోవడమే. నేను పోయినచోట ఒక ఉక్రెయిన్ పెద్దావిడ, ఇద్దరు అఫ్గాన్ అక్కచెల్లెళ్లు, వియత్నాం నుంచి వచ్చిన ఒక తాత ఉండేవారు. అందరి ఇంగ్లిషూ అంతంతమాత్రమే, అందుకే నోరు తెరవడానికి సిగ్గనిపించదు. ఒకసారి డాక్టరు అపాయింట్‌మెంట్ ఎలా అడగాలో నేర్పుతున్నారు. ఆ ఉక్రెయిన్ ఆవిడకు మాట దొరక్క మోకాలు పట్టుకుని చూపించింది. నాకూ అదే నొప్పి కాబట్టి ఆ మాట నేను అందించాను. ఆ రోజు నుంచి ఇద్దరం పక్కపక్కనే కూర్చునేవాళ్లం.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. కొత్తవాళ్లు కనబడితే "ఏ ఊరు, ఇంట్లో ఎంతమంది" అని అడగడం మన దగ్గర మర్యాద. ఇంట్లోవాళ్లను పోగొట్టుకుని వచ్చినవాళ్లకు ఆ ప్రశ్నే కష్టం. వంట, వాన, పిల్లల చదువులు, ఇలాంటివాటితో మొదలుపెట్టండి. ఆ అక్కచెల్లెళ్లు కాబూల్ సంగతి చెప్పాలనిపించినప్పుడు వాళ్లే చెప్పారు. మేము ఎప్పుడూ తవ్వలేదు.

పోయిన మొదటి వారంలోనే లైబ్రరీ కార్డు చేయించుకోండి. పాస్‌పోర్టు, ఆ ఇంటి అడ్రసున్న కాగితం ఒకటి తీసుకుపోతే చాలు. కుట్టు, అల్లికలు చేసేవాళ్ల గుంపులు కూడా కొన్ని లైబ్రరీల్లో కూడుతుంటాయి. అడిగి చూడండి, మీ చేతిపని తెలిసినవాళ్లకు మీరెవరో చెప్పాల్సిన పని ఉండదు.

నంద్యాల కుర్రోడు, ప్రస్తుతం సియాటిల్:

ఆంటీ, టీచర్ గారు అంతా చెప్పేశారు. రెండు విషయాలు కలుపుతా.

గ్రీన్ కార్డు వచ్చిన ఐదేళ్లకు సిటిజన్‌షిప్ అడగొచ్చు. అప్పటికి మీకు 63 వస్తుంది. 55 దాటినవాళ్లకు ఇంగ్లిష్ మినహాయింపు ఉంది గానీ, గ్రీన్ కార్డు మీద 15 ఏళ్లు ఉండి ఉండాలి. కాబట్టి ఐదేళ్లకే కావాలంటే మీకు ఇంగ్లిష్ తప్పదు. ఇంటర్వ్యూలో చిన్న చిన్న వాక్యాలు చదవమంటారు, రాయమంటారు. ఒక్కోదానికి మూడు వాక్యాల్లో ఒక్కటి సరిగ్గా వస్తే చాలు. 2025 అక్టోబర్ 20 నుంచి అప్లై చేసేవాళ్లకు సివిక్స్, అంటే అమెరికా చరిత్ర, ప్రభుత్వం మీద ప్రశ్నలు 128 పెట్టారు. వాటిలోంచి 20 వరకు అడుగుతారు, 12 చెప్పాలి. దీనికి కూడా లైబ్రరీలో క్లాసులున్నాయి. ఫారాలు, లీగల్ సంగతులు మాత్రం లాయర్‌నే అడగండి, లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతినిధిని. డబ్బులిస్తే అన్నీ చేసిపెడతాం అనేవాళ్లను నమ్మొద్దు.

ఇంకోటి, కర్నూలుకు వచ్చినప్పుడు ఒకేసారి ఆరు నెలలు దాటి ఉండిపోకండి. ఐదేళ్ల లెక్క తెగిపోవచ్చు. ఏడాది దాటే పనుంటే అమెరికా నుంచి బయల్దేరకముందే రీఎంట్రీ పర్మిట్‌కు, అంటే మళ్లీ లోపలికి రావడానికి అనుమతికి పెట్టాలి.

కడప డ్రైవర్:

అక్కా, ఇదంతా చదువుతుంటే కడుపు నిండింది, కొంచెం బాధ కూడా వేసింది. నేను కువైట్‌లో ఇంటి డ్రైవరుగా చాలా ఏళ్లు చేశాను. అరబ్బీ సేఠ్ కేకలు విని నేర్చుకున్నదే, కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరు.

అక్కడ లేకపోతే పోనీ, పోకముందు ఇక్కడైనా చెప్పొచ్చు కదా? మా కడపలో బ్రౌన్ దొర బంగళా ఉన్నచోటే ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. 1820లో కడపకు వచ్చిన ఆయనకు మన పండితులు దగ్గర కూర్చుని తెలుగు నేర్పారు. ఆయన జీతం ఇచ్చి పెట్టుకోగలిగాడు. కువైట్‌కు పోయే మా పిల్లలకు ఆ స్తోమత ఎక్కడిది? జిల్లా గ్రంథాలయంలో వారానికొక పూట పెట్టి నాలుగు అరబ్బీ మాటలు, కాంట్రాక్టులో ఏం చూడాలో, ప్రవాసీ భారతీయ బీమా ఏమిటో చెబితే ఎంత మేలు! రెండేళ్లకు రూ.275 కట్టే ఆ బీమాతో ప్రమాదంలో మనిషి పోతే ఇంటికి 10 లక్షలు వస్తాయి. దాని సంగతే తెలియనివాళ్లను ఎంతమందినో చూశాను. పిలిస్తే డబ్బు తీసుకోకుండా వచ్చి చెబుతా.

కర్నూలు టైలరమ్మ:

అందరికీ దండాలు. అక్కడికి పోగానే మొదటి వారంలోనే లైబ్రరీ కార్డు చేయించుకుంటా. ఆరు నెలల సంగతి మా వాడు చెప్పనే లేదు.

కడప తమ్ముడూ, మా వీధిలో ఒక పిల్ల ఇంటిపనికి కువైట్ పోతానంటోంది. 26 ఏళ్లు, ఎనిమిది దాకా చదివింది. విజిట్ వీసా మీద పంపిస్తా, అక్కడ మార్చుకోవచ్చు అంటున్నాడు ఏజెంటు. ఏం చెప్పమంటావు?

కడప డ్రైవర్:

వద్దని చెప్పక్కా, గట్టిగా చెప్పు. పది పాస్ కాలేదంటే ఆమెది ఈసీఆర్ పాస్‌పోర్టు అవుతుంది, అంటే కువైట్ లాంటి దేశాలకు పనికి పోవాలంటే మన ప్రభుత్వ క్లియరెన్స్ కావాల్సినది. 30 నిండకుండా దాని మీద ఇంటిపనికి క్లియరెన్స్ ఇవ్వరు. అది తెలిసే విజిట్ వీసా అంటున్నాడు. అలా పోతే అక్కడ ఏం జరిగినా చేతిలో కాంట్రాక్టు ఉండదు, బీమా ఉండదు. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. పాస్‌పోర్టు వాడి చేతికి ఇచ్చి ఉంటే ముందు అది వెనక్కి తీసుకోమను. నా నంబరు మెసేజ్‌లో పెడతా, ఈ రాత్రికే ఆ పిల్లతో మాట్లాడించు.