హత్య కేసులో తీర్పు వెలువడ్డాక ఏం జరుగుతుంది?

ప్రశ్న:
మన దేశంలో సెషన్స్ కోర్టు హత్యానేరానికి శిక్ష విధించిన తరువాత, అప్పీలు తేలే వరకు ఆ శిక్ష ఆగి ఉంటుందా? యావజ్జీవమంటే పద్నాలుగేళ్లేనని చాలామంది చెబుతుంటారు, అందులో నిజమెంత?

మొదటి జవాబు:
రెండు శిక్షలకూ దారులు వేరు. యావజ్జీవ శిక్ష పడినవారు 60 రోజుల్లోగా హైకోర్టులో అప్పీలు చేసుకోవచ్చు గాని, అంతమాత్రాన శిక్ష ఆగదు. హైకోర్టు ప్రత్యేకంగా దాన్ని నిలిపివేసి బెయిలు ఇస్తేనే బయటికి వస్తారు. మరణశిక్ష అయితే, దోషి అప్పీలు చేయకపోయినా సెషన్స్ కోర్టే కేసును హైకోర్టుకు నివేదించాలి. అక్కడి ధర్మాసనం సాక్ష్యాలన్నింటినీ మళ్లీ పరిశీలించి ఖరారు చేసేదాకా ఉరి అమలు చేయడానికి వీల్లేదు. ఆ ధర్మాసనం శిక్షను తగ్గించవచ్చు, నిర్దోషిగా విడుదల చేయనూవచ్చు.

రెండో జవాబు:
పద్నాలుగేళ్ల మాట అపోహే, అదీ బాగా చదువుకున్నవారి నోట సైతం వినిపించే అపోహ. యావజ్జీవమంటే మిగిలిన జీవితకాలమంతా అని 1961లో గోపాల్ వినాయక్ గాడ్సే కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. హత్యకు యావజ్జీవం పడినవారికి ప్రభుత్వం శిక్ష తగ్గించి విడుదల చేయాలన్నా, వారు కనీసం 14 ఏళ్లు జైలులో గడిపి ఉండాలి. అది గడువే గాని విడుదల హక్కు కాదు.

మూడో జవాబు:
సుప్రీంకోర్టులోనూ ఉరిశిక్ష నిలిస్తే, 72వ అధికరణం కింద రాష్ట్రపతికి, 161వ అధికరణం కింద గవర్నరుకు క్షమాభిక్ష కోరవచ్చు. ఆ అర్జీపై నిర్ణయంలో అకారణంగా విపరీత జాప్యం జరిగితే ఉరిని యావజ్జీవంగా మార్చవచ్చని 2014లో శత్రుఘ్న చౌహాన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అర్జీ తిరస్కరణను తెలియజేశాక ఉరికి కనీసం 14 రోజుల వ్యవధి ఉండాలన్నదీ ఆ తీర్పే.