సంబంధం వాళ్లు వచ్చి క్రియాటినిన్ రిపోర్టు అడిగితే?

ఉద్దానం_ల్యాబ్:
కవిటి వైపు చిన్న ల్యాబ్ నడుపుతున్నానండి. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బులు ఎక్కువ కదా, సంబంధం అనగానే కట్నం కంటే ముందు క్రియాటినిన్ మాటే వస్తుంది, అదే కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష. మొన్న మా నాన్నకు బావ వరసయ్యే పెద్దాయన వచ్చి, మనవరాలికి చూసిన కుర్రాడి రిపోర్టు అడిగారు. "కాగితం వద్దురా అబ్బాయ్, ఉందా లేదా ఒక్క ముక్క చెప్పు చాలు" అని బల్ల మీద కూర్చుండిపోయారు. చెప్పలేదు. మొహం మాడ్చుకుని వెళ్లారు. బాగాలేని రిపోర్టు దాచడం సరే, నార్మల్‌గా ఉంటే చెప్పేస్తే తప్పేంటి? ఆ కుర్రాడికీ మంచిదే కదా?

రికార్డుల_గుమస్తా:
విజయనగరంలో ఒక ఆసుపత్రి రికార్డు సెక్షన్లో చేస్తాను. నార్మల్ అయినా చెప్పకూడదు. బాగున్నవాళ్ల సంగతి చెప్పేస్తూ, మిగతావాళ్ల దగ్గర "చెప్పకూడదండీ" అన్నారనుకోండి, ఆ మాటతోనే ఊరంతా పాకిపోతుంది. అందుకే అందరికీ ఒకటే జవాబు. ఆ మనిషి అసలు మా దగ్గరికి వచ్చాడా లేదా అన్నది కూడా మేం చెప్పం.

డాక్టర్లకైతే మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉంది. కోర్టు అడిగినా, ఫలానా మనిషికి పెద్ద ప్రమాదం ఉన్నా, ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బయినా తప్ప పేషెంటు గుట్టు బయటపెట్టకూడదు. టీబీ కేసు ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో ఎక్కించేది అలాగే. కిడ్నీ జబ్బు అంటుకునేది కాదు, పెళ్లిచూపులు వీటిలో దేనికిందికీ రావు. పేషెంటే తన రికార్డు అడిగితే మాత్రం 72 గంటల్లో ఇవ్వాలి.

డయాలసిస్_సిస్టర్:
పెద్దాయన్ని పంపించేశారు సరే, మీ కౌంటరు చూసుకున్నారా? చాలా ల్యాబుల్లో రిపోర్టులు టేబుల్ మీద పరిచేసి ఉంటాయి, ఎవరిది వాళ్లు వెతుక్కుంటారు. లోపల్నుంచి కుర్రాడు "అప్పారావు గారూ, నాలుగు పాయింట్ రెండు!" అని కేకేస్తాడు. బల్ల మీదున్న పదిమందికీ తెలిసిపోయినట్టే. కవరు పిన్ కొట్టి పైన నంబరు మాత్రం వెయ్యండి.

హెచ్‌ఐవీకి 2017 చట్టం వేరేగా ఉంది. డయాలసిస్‌కి ముందు మేం ఆ పరీక్ష చేయిస్తాం. విడమరిచి చెప్పి, ఒప్పుకున్నాకే రక్తం తీయాలి. అన్నిటికీ కలిపి ఒకే వేలిముద్ర అంటే కుదరదు. ఫలితం కూడా పేషెంటుకే, తోడొచ్చిన బావమరిదికి కాదు.

ఆడపిల్ల_తండ్రి:
అన్నీ బాగానే చెప్తున్నారు. రేపు మా పిల్ల బతుకు ఏమైపోవాలి?

రికార్డుల_గుమస్తా:
మీ భయం న్యాయమే సార్. కుర్రాడినే నేరుగా అడగండి. ఇద్దరూ పరీక్ష చేయించుకుని, పెద్దల ముందు కాగితాలు చూపించుకోమనండి. తన రిపోర్టు తను చూపిస్తే ఎవరికీ అడ్డు లేదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, కిడ్నీ దెబ్బతినడం మొదలైనా చాలాకాలం క్రియాటినిన్ నార్మల్‌గానే కనిపించవచ్చు. ఆ ఒక్క అంకె పట్టుకుని తాంబూలాలు పుచ్చుకోవడం నాకైతే నచ్చదు.

ఉద్దానం_ల్యాబ్:
కవర్ల మాట బాగుంది సిస్టర్, రేపే తెప్పిస్తా. మరి చెన్నైలో పనికెళ్లిన కొడుకులు నాన్న రిపోర్టు వాట్సాప్‌లో పెట్టమంటారు, వాళ్లకీ వద్దా?

డయాలసిస్_సిస్టర్:
నాన్న ఒప్పుకుంటే పంపండి. రక్తం తీసేటప్పుడే ఆయన్ని అడిగి, ఏ నంబరుకి పంపమన్నారో రిజిస్టర్లో రాసి సంతకం పెట్టించుకోండి. ఆ నంబరుకే పంపండి, ఫ్యామిలీ గ్రూపులో మాత్రం వద్దు.