పాత లోగో మారుద్దామంటే పెద్దలు ఒప్పుకోవడం లేదు

ప్రశ్న: మాది చిత్తూరులో పాత పాఠకుల సంఘం. లోగోలో ఏడుకొండలు, దీపం, పుస్తకం, చుట్టూ రిజిస్టర్ నంబరు. వైద్యశిబిరాలు పెడతామని మూలన ఎర్ర సిలువ కూడా! వాట్సాప్ డీపీలో ఉత్త నల్లమచ్చ. దీపం తీస్తే సంఘం ఆరిపోయినట్టేనంట, మా కోశాధికారి గారి మాట.

జవాబు (తిరుపతి, ఫ్లెక్సుల పని): దీపం ఉంచండి సార్, తక్కినవి తీసేయండి. నంబరు లెటర్‌హెడ్ అడుక్కి దించండి. గీత శ్రీకాళహస్తి కలంకారీలా చేత్తో గీసినట్టుంటే బాగుంటాది. రామభద్ర, మండలి ఫాంట్లు ఉచితమే. అక్షరాల ఒత్తులకు కింద జాగా వదలండి. ముందు ఒక్క రంగులో, రబ్బరు స్టాంపు సైజులో ప్రింటు తీసి చూడండి.

ఇంకొకరు: అన్నిటికన్నా ముందు ఆ సిలువ తీసేయండి. 1960 జెనీవా ఒప్పందాల చట్టం కింద అనుమతి లేకుండా వాడకూడదు. పాత రసీదు పుస్తకాల్లో దానిమీద స్టిక్కరేసి వాడుకోండి. పారేస్తే జనరల్ బాడీలో దాని లెక్కే అడుగుతారు.