అప్‌డేట్: జూన్‌లో నీడ దక్షిణానికి పడటం తప్పు కాదు

విశాఖలో జూన్ మధ్యాహ్నం మేడ మీద కర్ర నీడ దక్షిణానికి ఎందుకు పడుతోందని అడిగాను కదా. కొలత సరైనదే! మన అక్షాంశం 17.7 డిగ్రీలు, జూన్ 21న సూర్యుడు 23.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా వెళ్లి మనకు ఉత్తరాన ఉంటాడు. మీటరు కర్రకు అప్పుడు 10 సెంటీమీటర్ల నీడ. డిసెంబరు 21న ఉత్తరానికి 87 సెంటీమీటర్లు. మే 10-11, ఆగస్టు 2 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం నీడే ఉండదు.



మీరూ కొలిస్తే, పొరపాటు ఎక్కువగా కర్ర నిలబెట్టడంలో వస్తుంది. ఒక్క డిగ్రీ ఒరిగినా దాదాపు 2 సెంటీమీటర్ల తేడా, అంటే జూన్ నీడలో అయిదో వంతు. దారానికి బరువు కట్టి వేలాడదీసి సరిచూడాలి. గడియారం 12 కూడా నమ్మకూడదు: నవంబరు మొదట్లో అసలు మిట్టమధ్యాహ్నం 11:41కే, ఫిబ్రవరి రెండో వారంలో 12:11కి. అయిదేసి నిమిషాలకు నీడ కొసన సుద్దముక్కతో చుక్క పెట్టి, అన్నిటికన్నా పొట్టిదాన్ని తీసుకోండి.